ఆదివారం ఎడారి ప్రసంగాలు: హాలు ఇవ్వలేమన్నారు, అందరూ వెంటనే చూడగలరు

విజయవాడ సమన్వయకర్త, గురువారం రాత్రి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మనం మాట్లాడుకున్న హాలు ఇవ్వలేమని యాజమాన్యం ఈ సాయంత్రం ఫోను చేసి చెప్పింది. ఆహ్వాన పత్రికలో మూడో ప్రసంగం పేరు ‘ఖాళీ నేల అని ఎవరన్నారు: ఎడారులు, అణుపరీక్షలు, సోలార్ పార్కులు’ అని ఉండటమే వారి అభ్యంతరం. ఆ ప్రసంగాన్ని తొలగించి, తొలగించినట్లు సంఘం లెటర్‌హెడ్ మీద రాసిస్తే హాలు యథాప్రకారం ఇస్తారట. అడ్వాన్సు సంగతి అడిగితే తరువాత చూద్దామన్నారు. ఫ్లెక్సీ, మైకు, శాలువాలు, టిఫిన్లు, ఫొటోలు ఎవరెవరు చూసుకోవాలో జాబితా నిన్ననే పెట్టాను, దయచేసి దాని కింద పేర్లు రాయండి. అంతకన్నా ముందు రేపు మధ్యాహ్నంలోగా హాలువారికి ఏదో ఒక మాట చెప్పాలి.

ఫీనిక్స్ కోశాధికారి

అన్నయ్యా, మూడో ప్రసంగాన్ని మరోనాడు ఆన్‌లైన్‌లో పెట్టుకుని, మిగిలిన రెండూ హాల్లో జరుపుకోవడం మేలని నా అభిప్రాయం. మీ ఉదయం తొమ్మిదిన్నర అంటే అమెరికాలో మాకు శనివారం రాత్రి తొమ్మిది, పిల్లలతో సహా అందరూ కూర్చుని చూడగలిగే వేళ. మొదటి ప్రసంగం మా ఊరి ఎండల గురించి. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా 31 రోజులపాటు ఇక్కడ పగటి ఎండ 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. ఆ ఏడాది మా మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది చనిపోయారు. ఎడారికే పుట్టిన సగువారో బ్రహ్మజెముడు కూడా ఆ ఏడాది తట్టుకోలేకపోయింది. పగలంతా ఆకు రంధ్రాల వంటి తన రంధ్రాలను మూసుకుని రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకునే మొక్క అది. రాత్రులు కూడా చల్లబడకపోయేసరికి కొమ్మలు ఊడిపడ్డాయి, కొన్ని మొదలంటా కూలిపోయాయి. ఇవన్నీ విజయవాడలో మనవాళ్లు వినాలని ఇన్నాళ్లుగా అనుకుంటున్నాం. ఒక్క ప్రసంగం కోసం మొత్తం కార్యక్రమాన్ని పోగొట్టుకోవద్దు.

గుంటూరు సభ్యురాలు

తమ్ముడూ, ఈ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. మూడో ప్రసంగం లేకపోతే మొదటి రెండూ వింత ప్రదేశాల వర్ణనలుగా మిగిలిపోతాయి. అమెరికా 1945 జులై 16న తొలి అణుబాంబును న్యూమెక్సికో ఎడారిలో పేల్చింది. ఫ్రాన్స్ 1960 ఫిబ్రవరి 13న సహారాలోని రెగ్గాన్ దగ్గర పేల్చింది. మన దేశం 1974 మే 18న తన తొలి పరీక్షకు రాజస్థాన్ ఎడారిలోని పోఖ్రాన్‌ను ఎంచుకుంది. దేశ రక్షణ మంచిచెడ్డల మీద ఆ ప్రసంగంలో ఒక్క వాక్యం కూడా లేదు, నేను ప్రతి పుటా చదివాను. ఇన్ని దేశాలకూ ఎడారి మాత్రమే ఎందుకు గుర్తుకొచ్చిందన్నదే అందులోని ప్రశ్న. ఇది అడగడానికి కూడా ఒకరి అనుమతి కావాలంటే అలాంటి హాలు మనకు అక్కరలేదు.

ఫీనిక్స్ కోశాధికారి

అక్కా, గుంటూరులో కూర్చుని ఆ మాట అనడం తేలిక. అడ్వాన్సు తిరిగి రాకపోతే సర్వసభ్య సమావేశంలో నిలబడి జవాబు చెప్పవలసినది నేను.

గుంటూరు సభ్యురాలు

వక్తల రైలు టికెట్ల దగ్గర నుంచి వారి బస దాకా గుంటూరులో కూర్చునే చూస్తున్నాను. దాని లెక్క ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. డబ్బు పేరు చెప్పి ఒక వక్త నోరు మూయిస్తామంటే ఈ పని నుంచి నన్ను తప్పించండి.

సత్యనారాయణపురం మాస్టారు, శుక్రవారం ఉదయం

అమ్మా, నాయనా, ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. మీ ఇద్దరికీ ఈ కార్యక్రమం మీద ఉన్న మమకారం ఒకటే.

రెండో ప్రసంగం నాది కనుక నా మాట చెబుతాను. దసరాకు మనం ప్రదక్షిణ చేసి, శ్లోకం రాసిన చీటీలు కట్టే జమ్మి చెట్టే థార్ ఎడారి రైతుకు ఆధారం. దాని కింద సజ్జ వేసుకుంటారు, వేరు నేలకు సత్తువనిస్తుంది, ఆకు మేకలకూ ఒంటెలకూ మేత, లేత కాయలు ఇంట్లో కూర. 1730లో జోధ్‌పూరు రాజు మనుషులు ఖేజడ్లీ గ్రామంలో ఆ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు వాటిని కావిలించుకుని ప్రాణాలిచ్చారని ఆ సమాజం ఈనాటికీ స్మరించుకుంటోంది. సినిమాల్లోనూ, పర్యాటక పోస్టర్లలోనూ ఇసుకతిన్నె, ఒంటె, అస్తమిస్తున్న సూర్యుడు తప్ప ఈ పొలమూ ఈ మనుషులూ కనబడరు. కనబడని వారి అనుమతి ఎవరూ అడగరు. మూడో ప్రసంగం చెప్పేది అదే, కాబట్టి దాన్ని తీసేస్తే నాది కూడా తీసేయండి.

బట్టమేకపిట్ట సంగతి కూడా ఆ మూడో ప్రసంగంలో ఉంది. ఆ పిట్ట మనకు పరాయిది కాదు, దానికోసమే నంద్యాల జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారు. జైసల్మేరు వైపు అది కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతుంటే, తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలిస్తూనే, వాతావరణ మార్పు దుష్ప్రభావాలకు గురికాకుండా ఉండే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఉందని చెప్పింది. రాజస్థాన్‌లోని భడ్లా వంటి సోలార్ పార్కులు మనకు కావాలి, ఆ పిట్టా బతకాలి. ఇలాంటి చిక్కుముడిని నలుగురిలో కూర్చుని విప్పుకోవడానికే గదా మనం ప్రసంగాలు పెట్టుకున్నది.

సింగ్ నగర్ వాలంటీరు

మాస్టారూ, మా ట్యూషన్ సెంటరు మేడ మీద పెద్ద గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండు దాకా పిల్లలకు పరీక్షలు, ఆ తరువాత ఖాళీయే. అద్దె అక్కరలేదు, ఏసీ కూడా లేదు. మెట్ల గోడ మీద 2024 సెప్టెంబరు వరద మరక ఛాతీ ఎత్తున ఇప్పటికీ ఉంది, రెండుసార్లు సున్నం వేయించినా పైకి తేలుతూనే ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు పారదని బుడమేరు వాగు నేలను కూడా మనం ఖాళీ స్థలమనే అనుకుని ఇళ్లు కట్టుకున్నాం. మూడో ప్రసంగం మా వీధివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది. వాళ్లను నేను పిలుచుకొస్తాను.

ఫీనిక్స్ కోశాధికారి

అక్కా, రాత్రి మాట తూలాను, మనసులో పెట్టుకోవద్దు. ఆ గదిలో సాయంత్రం నాలుగు గంటలకు పెట్టుకుంటే మాకు తెల్లవారుజాము మూడున్నర. లేవగలిగినవాళ్లం లేస్తాం, మిగిలినవారికి రికార్డింగు చాలు. అడ్వాన్సు కోసం రాతపూర్వకంగా అడుగుదాం, ఇవ్వకపోతే ఆ లెక్క నేనే సమావేశంలో చెబుతాను. ప్రసంగాల వరుస మాత్రం మార్చండి, మూడోదే ముందు పెట్టండి.

గుంటూరు సభ్యురాలు

అదేం లేదు తమ్ముడూ, నేనూ కాస్త ఎక్కువే అన్నాను. వక్తలను నేనే కారులో తీసుకొస్తాను. హోటలు టిఫిన్లు వద్దు, మా ఇంట్లో సజ్జ రొట్టెలు, వేరుశనగ పచ్చడి చేయిస్తాను. తెరకు తెల్ల పంచె ఒకటి తెస్తాను. ప్రొజెక్టరు ఎవరి దగ్గరైనా ఉందా?

సింగ్ నగర్ వాలంటీరు

ఉందక్కా, సెంటరుదే. కుర్చీలే సగం తక్కువ. ముందు వరుసల్లో జంపఖానాలు పరిస్తే పిల్లలు కింద కూర్చుంటారు.

విజయవాడ సమన్వయకర్త, శుక్రవారం మధ్యాహ్నం

హాలువారికి ఇప్పుడే ఫోను చేసి, ప్రసంగం తీసేయడం లేదని, హాలు వద్దని చెప్పాను. మారిన చోటూ వేళా రాసి కొత్త ఆహ్వానం ఇంకో గంటలో పంపుతాను, పాతది ఎవరికైనా పంపి ఉంటే వారికి మీరే స్వయంగా ఫోను చేసి చెప్పండి. మా వీధిలో సప్లయర్స్ దగ్గర కుర్చీలు మాట్లాడాను, ఆటోలో రెండున్నరకు వస్తాయి. మేడ మెట్లు ఇరుకు కాబట్టి మోయడానికి కనీసం ఆరుగురు కావాలి. రాగలిగినవాళ్లు ఇక్కడే చెప్పండి.