విండోస్ మార్చిన తరువాత ఎక్సెల్ పట్టికలు క్యాడ్ డ్రాయింగులో అప్‌డేట్ కావడం లేదు

ప్రశ్న:

నమస్కారం. మా విభాగంలోని కంప్యూటర్లను విండోస్ 10 నుంచి విండోస్ 11కు మార్చారు. అదే ఊపులో పాత 32 బిట్ ఎక్సెల్‌ను తీసివేసి 64 బిట్ ఎక్సెల్‌ను ఇన్‌స్టాల్ చేశారు. క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే) ప్రోగ్రాం మాత్రం పాతదే. అప్పటి నుంచి డ్రాయింగులో డేటా లింకుగా (ఎక్సెల్ ఫైలుకు ముడిపెట్టి) పెట్టిన విడిభాగాల పట్టిక కనిపిస్తుంది గాని, ఎక్సెల్‌లో అంకె మార్చి సేవ్ చేసి పట్టికను అప్‌డేట్ చేయబోతే ఫైలు దొరకలేదని చెబుతోంది. అలాగే షీటులోని కొలతలు చదివి గీతలు గీసే మాక్రో (పనులను వరుసగా చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం) ఒకటి, లైబ్రరీ రిజిస్టర్ కాలేదనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. విడివిడిగా రెండు ప్రోగ్రాములూ చక్కగా పనిచేస్తున్నాయి. క్యాడ్‌ను కూడా కొత్తది కొనడమే దారి అంటున్నారు. అంతకుముందు పరిశీలించవలసినవి ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు 1:

ఇది బిట్ తేడా వల్ల వచ్చిన సమస్యే. 32 బిట్ ఎక్సెల్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయించండి, అన్నీ మునుపటిలాగే పనిచేస్తాయి.

జవాబు 2:

పై సలహాతో నేను ఏకీభవించలేను. బిట్ తేడా కొన్ని చోట్ల నిజంగానే అడ్డుపడుతుంది, కాని మీరు చెప్పిన రెండు లక్షణాలూ దానివని అనిపించడం లేదు.

క్యాడ్ ప్రోగ్రాం ఎక్సెల్‌ను ఏ మార్గంలో పలకరిస్తోందో ముందు తేల్చుకోవాలి. మాక్రోలు సాధారణంగా ఎక్సెల్‌ను వేరే ప్రాసెస్‌గా నడిపించి, కామ్ (ఒక ప్రోగ్రాం మరొకదానితో మాట్లాడేందుకు విండోస్‌లో ఉన్న ఏర్పాటు) పద్ధతిలో దానికి ఆదేశాలు పంపుతాయి. ఈ పద్ధతిలో రెండు ప్రోగ్రాములూ ఎవరి మెమరీలో అవి ఉంటాయి కనుక, ఒకటి 32 బిట్, మరొకటి 64 బిట్ అయినా విండోస్ మధ్యవర్తిగా నిలిచి మాట అందిస్తుంది. డేటాబేస్ డ్రైవర్ ద్వారా షీటును చదివే ప్రోగ్రాముల సంగతి వేరు. ఆ డ్రైవర్ క్యాడ్ ప్రాసెస్‌లోకే లోడ్ కావాలి, 64 బిట్ ప్రాసెస్‌లోకి 32 బిట్ డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు లోడ్ చేసుకునే కోడ్ ఫైలు) ఎంత ప్రయత్నించినా లోడ్ కాదు. మైక్రోసాఫ్ట్ వారి పాత డేటాబేస్ డ్రైవర్ జెట్ 4.0కు 64 బిట్ రూపమే లేదు. అలాంటి చోట దాని తరువాతి తరమైన ఏసీఈ డ్రైవర్‌ను క్యాడ్ ఎన్ని బిట్లదో అన్ని బిట్లలోనే ఇన్‌స్టాల్ చేయాలి. (ఓడీబీసీ, అంటే డేటాబేస్ డ్రైవర్ల, సెట్టింగులు చూసేవారు ఒకటి గమనించాలి: సిస్టమ్32 ఫోల్డరులో ఉన్నది 64 బిట్ ఉపకరణం, సిస్‌వావ్64లో ఉన్నది 32 బిట్‌ది. ఈ పేర్లు పెట్టినవారికి ఒక దండం.)

ఇక మీ మాక్రో సంగతి. పాత ఎక్సెల్‌ను తీసివేసినప్పుడు దాని టైప్ లైబ్రరీ (మాక్రోలు వాడుకోగల ఆదేశాల జాబితా) నమోదు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోట) పూర్తిగా చెరిగిపోకుండా మిగిలిపోవడం తరచుగా జరిగేదే. ఎక్సెల్ 2013 నమోదు 1.8 అనే సంఖ్య కింద, 2016 నుంచి వచ్చినవి 1.9 కింద ఉంటాయి. మిగిలిపోయిన నమోదు ఇప్పుడు లేని ఫైలును చూపిస్తుంటే ఆ ఎర్రరే వస్తుంది. మొదట కంట్రోల్ ప్యానెల్ నుంచి ఆఫీస్‌కు ఆన్‌లైన్ రిపేర్ చేయించండి, చాలా సందర్భాల్లో అంతటితో సరిపోతుంది. అప్పటికీ తీరకపోతే ఆ రిజిస్ట్రీ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్న తరువాతే చెల్లని సంఖ్య ఉన్న కీని తొలగించాలి. ఈ పని సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ చేతికి అప్పగించడం మంచిది.

జవాబు 3:

డేటా లింకు గురించి నా వంతుగా కొంత చేరుస్తాను. ఆటోక్యాడ్ వంటి ప్రోగ్రాముల్లో లింకును పూర్తి పాత్‌తో గాని, డ్రాయింగు ఉన్న చోటును బట్టి రెలటివ్ పాత్‌తో గాని పెట్టుకోవచ్చు. పూర్తి పాత్ వాడిన పక్షంలో, కొత్త విండోస్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్ కిందికి మారినా, నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరం మారినా లింకు తెగుతుంది. షీటు ఉండవలసిన చోటే ఉన్నట్టు మీకు కనిపిస్తుంది గాని, డ్రాయింగు మాత్రం పాత చిరునామాలోనే వెతుకుతుంటుంది. డ్రాయింగునూ షీటునూ ఒకే ప్రాజెక్ట్ ఫోల్డరులో ఉంచి రెలటివ్ పాత్ ఇస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

క్యాడ్‌ను "అడ్మినిస్ట్రేటర్‌గా రన్" చేసే అలవాటు ఉందేమో కూడా చూడండి. అలా నడిపిన ప్రోగ్రాముకు మామూలుగా మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవులు కనిపించకపోవచ్చు, అప్పటికే తెరిచి ఉన్న ఎక్సెల్‌ను మాక్రో పట్టుకోలేకపోవచ్చు కూడా. రెండింటినీ ఒకే స్థాయి హక్కులతో నడపాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. లింకులో పాత డ్రైవ్ అక్షరమే ఉంది, దాన్ని మార్చగానే పట్టిక అప్‌డేట్ అయింది. రిపేర్ తరువాత మాక్రో ఎర్రర్ కూడా పోయింది. అయితే ఎక్సెల్ లోపలే నడిచే మరో మాక్రో ఇప్పుడు డిక్లేర్ అన్న వాక్యం దగ్గర ఆగుతోంది. ఇదీ లైబ్రరీ సమస్యేనా?

జవాబు 2 రాసినవారు:

కాదు. బిట్ తేడా నిజంగా దెబ్బకొట్టే చోటు ఇదే. 64 బిట్ వీబీఏలో (ఎక్సెల్ మాక్రోలు రాసే భాషలో) విండోస్ ఫంక్షన్లను పిలిచే ప్రతి డిక్లేర్ వాక్యానికీ పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చాలి. హ్యాండిళ్లనూ పాయింటర్లనూ (విండోస్ ఇచ్చే గుర్తులనూ మెమరీ చిరునామాలనూ) దాచుకునే లాంగ్ వేరియబుళ్లను లాంగ్‌పీటీఆర్‌గా మార్చాలి. కనిపించిన లాంగ్‌నల్లా మార్చకండి, మామూలు లెక్కలకు వాడినవి అలాగే ఉండాలి. ఆఫీస్ 2010 నుంచి 32 బిట్ కూర్పు కూడా ఈ రాతను అంగీకరిస్తుంది గనుక, ఒకే మాక్రో ఫైలు రెండు రకాల కంప్యూటర్లలోనూ నడుస్తుంది. క్యాడ్ కొనుగోలును ఈ కారణంగా తలపెట్టనక్కరలేదు.