మగ్గం వర్క్ అని కంప్యూటర్ వర్క్ ఇచ్చారు: బెంగళూరులో మీ అనుభవాలు చెప్పండి

మారతహళ్లి_మల్లి
చెల్లి పెళ్లి మాఘంలో. ఆరు బ్లౌజులు కుట్టించాలి. పోయినేడాది ఒకసారి దెబ్బ తిన్నాను, అందుకే ముందే అడుగుతున్నా. ఇక్కడే ఒక బొటిక్‌లో మగ్గం వర్క్ (చట్రానికి గుడ్డ బిగించి చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ) అని 7,500 తీసుకున్నారు. ఇంటికి తెచ్చాక మా అత్తయ్య బ్లౌజు చెయ్యి తిరగేసి చూసి "ఇది మిషన్ పనే అమ్మాయ్" అంది. అంచులో నాలుగు పూసలు మాత్రం చేత్తో వేశారు. షాపులో అడిగితే "మీరు పంపిన ఫొటోలో ఉన్నట్టే వచ్చింది కదా మేడమ్" అన్నారు. వచ్చింది, కాదనను.
ఇంకోటి. ఫోన్‌లో ఫొటోలు తీసి కొలతలు తీసుకునేవాళ్లు ఉన్నారట. అమ్మ ప్రొద్దుటూరులో ఉంటుంది, ఆవిడకి పనికొస్తుందా?

సూదీ_దారం
కె.ఆర్.పురంలో ఇంట్లోనే మూడు మగ్గాలు పెట్టుకుని పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నా. మీ అత్తయ్య సరైన చోటే చూసింది. కంప్యూటర్ పనికి వెనకవైపు బాబిన్ దారం, అంటే మిషన్ కింది దారం కనబడుతుంది, ఎక్కువగా తెల్లది. గుడ్డ ముడత పడకుండా వేసిన పేపరు గరుగ్గా చేతికి తగులుతుంది. ఆరీ సూదితో (మగ్గం పనికి వాడే కొక్కెం సూది) వేసిన గొలుసు కుట్టయితే వెనక సన్నటి గీతల్లా ఉంటుంది, దారం ఆగిన చోట ముడి ఉంటుంది.
జర్దోసీ (లోహపు దారం పని), కట్ దానా (గాజు పూసలు) కనబడగానే మొత్తం చేతిపనే అనుకోకండి. తీగలు, ఆకులు మిషన్‌తో కొట్టించి, వాటి మీద పూసలు చేత్తో వేసేవాళ్లు బోలెడుమంది. నేనూ వేస్తా, కానీ చెప్పి వేస్తా. ఖర్చు సగానికి దిగుతుంది.
మిషన్ పనికి రేటు కుట్ల లెక్కన. నిమిషానికి 800 కుట్లు పడితే లక్ష కుట్ల బ్లౌజు రెండు గంటల పైచిలుకులో దిగిపోతుంది. అదే డిజైన్‌కి మా దగ్గర ఇద్దరు కూర్చుంటే నాలుగైదు రోజులు. నిండు చేతుల మగ్గం వర్క్ 2,000కే అంటే ఆలోచించండి.

కోడ్_కొట్టు
ఫొటో చూసి సైజు చెప్పే సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నా, కంపెనీ పేరు వద్దు. ఒక్క కెమెరాకి మనిషి ఎంత పొడుగో తెలియదు. మీరు చెప్పిన ఎత్తునే కొలబద్దగా పెట్టుకుని మిగతావి లెక్కగడుతుంది. ఎత్తు తప్పు చెబితే అన్నీ తప్పే. అమ్మ చీరలోనో వదులు నైటీలోనో నిలబడితే ఆ గుడ్డ కూడా ఒళ్లే అనుకుంటుంది. కుర్తీకి అంగుళం అటూ ఇటూ అయినా నడుస్తుంది, బ్లౌజుకి నడవదు. మా ఆవిడకే ప్రయత్నించాను. చంక దగ్గర పట్టేసింది. ఇంట్లో ఇంకా ఆ మాట అంటూనే ఉన్నారు.
సైజుల చార్టులే బయటి దేశాల కొలతల మీద నడుస్తున్నాయని కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్ వాళ్లు ఇండియాసైజ్ పేరుతో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. కొలిచే ఊళ్లలో బెంగళూరు కూడా ఉంది. అది రెడీమేడ్‌కి ఉపయోగం. మీ అమ్మగారికి మాత్రం ఆది జాకెట్టే.

మదనపల్లె_మాస్టర్
బొమ్మనహళ్లి వైపు ఎక్స్‌పోర్ట్ గార్మెంట్స్‌లో ప్యాటర్న్ మాస్టర్‌ని. నేను చేరినప్పుడు అట్ట ప్యాటర్న్‌లు కొక్కేలకు వేలాడేవి, మార్కర్ (గుడ్డ మీద ముక్కలు ఎలా పరచాలో చూపే గీత) గీయడానికి సగం రోజు పట్టేది. ఇప్పుడు అన్ని సైజులూ కంప్యూటరే పెంచి, గుడ్డ మీద ముక్కలు ఇరికించి చూపిస్తుంది. నాకంటే బాగా ఇరికిస్తుంది, ఒప్పుకోవాలి. కానీ శాంపిల్ సంగతి వేరు. మునుపు బయ్యర్‌కి మూడు నాలుగు సార్లు కుట్టి కొరియర్ చేసేవాళ్లం. ఇప్పుడు త్రీడీ బొమ్మకి తొడిగి స్క్రీన్ మీదే ఓకే చేయించుకుంటున్నారు. శాంప్లింగ్‌లో ఇరవై మంది టైలర్లు ఉండేవాళ్లు, ఏడుగురు మిగిలారు. లైన్లో కాలర్ ఎక్కించేది మాత్రం ఇప్పటికీ ఆడపిల్లలే. గుడ్డ జారిపోతుంది, రోబోకి పట్టు చిక్కదు.

ధర్మవరం_పేక
చీర నేసే మగ్గానికి టెక్నాలజీ కొత్తేం కాదు. చిల్లుల అట్టలతో డిజైన్ నడిపే జకార్డ్ 1804 నాటిది, ఫ్రాన్స్‌లో పుట్టింది. ఇప్పుడు అట్టల బదులు పెన్‌డ్రైవ్. మంచిదే, డిజైన్ మార్చినప్పుడల్లా వందల అట్టలు కుట్టే బాధ తప్పింది. మా నాన్న కళ్లు పోయింది ఆ పనిలోనే.
కడుపుమంట ఇంకోచోట ఉంది. మా వాళ్లు కొత్త బుటా (చీర మీది పువ్వు బొమ్మ) దించి వాట్సాప్‌లో పెడితే, వారం తిరక్కుండా అదే బొమ్మతో పవర్‌లూమ్ చీర చిక్‌పేటలో వేలాడుతుంది. పవర్‌లూమ్ నేయకుండా చేనేతకే కేటాయించిన 11 రకాల్లో చీర కూడా ఉందని 1985 చట్టం. చట్టమూ ఉంది, ఆ చీరా ఉంది.
లైవ్ వీడియోలో చూసి కొనేవాళ్లకి ఒక మాట. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు అయితే మడత కదిలినప్పుడల్లా వన్నె మారుతుంది. కెమెరా ఒక్కటే పట్టుకుంటుంది. రంగు మారిందని గొడవ పడేముందు చీర ఎండలో విప్పి చూడండి.

మారతహళ్లి_మల్లి
అన్నా, సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంటే చాలదా?

ధర్మవరం_పేక
చాలదమ్మా. పట్టు అసలుదని మాత్రం చెబుతుంది. 2004లో మొదలైంది, సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్లది. పవర్‌లూమ్ మీద నేసినా పట్టు అసలుదైతే ఆ ట్యాగ్ వస్తుంది. చేతినేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే. జరీలో వెండి ఎంతో ఆ రెండూ చెప్పవు.

సూదీ_దారం
డిజైన్ ఫొటోల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. ఈ ఏడాది నాకొచ్చే ఫొటోల్లో సగం అసలు ఎవరూ కుట్టనివి, ఏఐ బొమ్మలు. ఏనుగు తొండం పోయి పోయి పూల తీగ అయిపోతుంది. హుక్కులు ముందూ లేవు, వెనకా లేవు, తొడుక్కునేదెలా? మొన్న ఒకమ్మాయి అచ్చం అదే కావాలని పట్టుబట్టింది. మా బెంగాలీ పనివాడు ఫొటో పెద్దది చేసి చూశాడు, పూస ఎక్కడ ఆగిందో దారం ఎక్కడ మొదలైందో తెలియక ఫోన్ తిరిగిచ్చేశాడు. మునుపు ఫొటో అంటే ఎక్కడో ఎవరో కుట్టిన బ్లౌజు. చూస్తే కుట్టు తెలిసేది, రేటు చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల దృష్టిలో నేనే చేతకాని దాన్ని.
అయితే చీరకి ఏ రంగు బ్లౌజు నప్పుతుందో చూపించడానికి నేనూ ఏఐనే వాడుతున్నా. దానికి బాగుంది.

మారతహళ్లి_మల్లి
అందరికీ థ్యాంక్స్. ముహూర్తం బ్లౌజు, రిసెప్షన్‌ది పూర్తి చేతిపని. మిగతా నాలుగూ మిషన్ మీద పూసలు, సూదీ_దారం అక్క చెప్పినట్టు. బిల్లు మీద ఆ మాట రాయించుకుంటా. అమ్మ ఆది జాకెట్టు ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తానంది. అక్కా, మీ దగ్గర ఎప్పుడు ఇవ్వమంటారు?

సూదీ_దారం
దసరాకి ముందే ఇచ్చేయ్. మా పనివాళ్లు పూజకి ఊరెళ్తే దీపావళి దాటాకే వస్తారు. జాకెట్టు ఉతికి పంపమను, గంజి పెట్టొద్దని చెప్పు.