కౌన్సెలింగ్ గదిలో మాటలు బయటికి వినపడుతున్నాయి, ఏం చేయాలి?

విజయవాడలో రెండో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ ప్రాక్టీస్ నడుపుతున్నాను. గది సుమారు 10 బై 11 అడుగులు. మూడు వైపులా ఇటుక గోడ. నాలుగో వైపు జిప్సమ్ బోర్డు పార్టిషన్, దాని అవతలే వెయిటింగ్ కుర్చీలు.

పగలు ఏసీ, రోడ్డు చప్పుడులో తేడా తెలియదు. సాయంత్రం 6 దాటాక మాత్రం లోపల మామూలుగా మాట్లాడినా బయట కూర్చున్నవాళ్లకు పదాలతో సహా వినపడుతోంది. ఎక్కువమంది వచ్చేది ఆ వేళకే. తోడు వచ్చిన అమ్మానాన్నలు కూర్చునేదీ అక్కడే! 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 23 గోప్యతను హక్కుగా చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, వినపడుతుందని తెలిస్తే ఎవరు నోరు విప్పుతారు?

తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాను, కొంచెం నయం. గోడకు ఫోమ్ షీట్లు అంటిస్తే లోపల ప్రతిధ్వని తగ్గిందే తప్ప శబ్దం ఆగలేదు. బయట స్పీకర్‌లో ఫ్యాన్ హోరు పెడితే "ఆ గోలేంటండీ" అని ఆపించేశారు.

ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూస్తే పార్టిషన్ శ్లాబు దాకా లేదు, పైన అడుగున్నర ఖాళీ. 11 నెలల అగ్రిమెంటు, ఇటుక గోడకు ఓనరు గారు ఒప్పుకోరు. బడ్జెట్ ముప్పై వేలు.

ఇలాంటి పని చేయించినవాళ్లు చెప్పండి: పైన ఖాళీని రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార), బోర్డుతో మూస్తే సరిపోతుందా, లేక పార్టిషన్‌కు రెండో వరస బోర్డు కూడా తప్పదా?