పీహెచ్‌పీలో వెబ్‌డావ్: మ్యాక్‌లో సేవ్ అవ్వట్లేదు, ఒక ఫైలు తెరుచుకోవట్లేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మాది శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు. సగం పని తెలుగు, సగం ఒడియా. డిజైన్ గుణుపురంలో మా బావ చేస్తాడు, ప్రింటు ఇక్కడ. ఫైళ్లు వాట్సాప్‌లో తిప్పలేక పీహెచ్‌పీలో నేనే వెబ్‌డావ్ (నెట్ మీది ఫోల్డరుని సొంత డ్రైవ్‌లా వాడుకునే పద్ధతి) సర్వర్ రాస్తున్నాను. ఫైలు తెచ్చే గెట్, పెట్టే పుట్, తీసేసే డిలీట్, లిస్టు ఇచ్చే ప్రాప్‌ఫైండ్ అయ్యాయి. విండోస్‌లో డ్రైవ్‌లాగా వస్తోంది. బావ మ్యాక్‌లో ఫోల్డరు తెరుచుకుంటుంది గానీ ఏదీ సేవ్ అవ్వదు. ఇంకోటి: నేను పెట్టిన ‘వైశాఖం కార్డు’ ఆయనకి లిస్టులో కనబడుతుంది, నొక్కితే 404 (ఫైలు లేదు). ‘మాఘం కార్డు’కి ఏ గొడవా లేదు!

జవాబు (రాయగడ):
ఆప్షన్స్ (సర్వర్‌కి ఏమేం వచ్చో అడిగే రిక్వెస్టు) అడిగితే మీ సర్వర్ డావ్ హెడర్‌లో ఏం చెబుతోంది? ‘1’ ఒక్కటే అయితే ఫైండర్ (మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ప్రోగ్రాం) చదవడానికి మాత్రమే అనుకుంటుంది. ‘1, 2’ అనాలి. 2 అంటే లాక్, అన్‌లాక్ (ఒకరు మారుస్తుండగా ఫైలుకి తాళం వేయడం, తీయడం) ఉన్నట్టు. కొందరు ఉత్తుత్తి టోకెన్ (లాక్‌కి తాళంచెవి లాంటి కోడ్) ఇచ్చి గట్టెక్కేస్తారు. మీరలా చేయకండి, ఒకే కార్డుని ఇద్దరు తెరిచే చోట అది కొంప ముంచుతుంది. టోకెన్, గడువు ఎస్‌క్యూలైట్ డేటాబేసులో దాచండి. లాక్ ఉన్న ఫైలుకి టోకెన్ లేకుండా పుట్ వస్తే 423 (తాళం వేసి ఉంది) ఇవ్వండి. లేని ఫైలుకి లాక్ అడిగితే ఖాళీ ఫైలు సృష్టించి 201 (కొత్తది తయారైంది) ఇవ్వాలి. 2007 నాటి వెబ్‌డావ్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4918 పద్ధతి ఇదే. నెట్‌లో దొరికే పాత కోడ్ చాలావరకు 1999 నాటి 2518ది, అందులో ఇది వేరుగా ఉంటుంది.

జవాబు (బరంపురం):
404 సంగతి నేను చెబుతాను. లాగ్‌లో ‘వై’ ఎలా వచ్చిందో చూడండి. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా (చివరి బైటు 88), లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు (86, తర్వాత 96). కంటికి రెండూ ఒకటే, డిస్కుకి వేర్వేరు పేర్లు. తెలుగులో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే మాఘానికి ఏమీ కాలేదు. పీహెచ్‌పీ intl ఎక్స్‌టెన్షన్‌లోని నార్మలైజర్‌తో వచ్చిన ప్రతి పేరునీ ఎన్‌ఎఫ్‌సీకి (విడి గుర్తుల్ని వీలైనంత వరకు ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) మార్చండి. మూవ్, కాపీలకి డెస్టినేషన్ హెడర్‌లో వచ్చే పేరు మర్చిపోకండి. డిస్కులో ఉన్న పాత పేర్లు కూడా ఒకసారి మార్చాలి. ముఖ్యంగా ఒడియావి: రాయగడ పేరులో కింద చుక్క పెట్టే డ ఉంది చూశారూ, అది ఎన్‌ఎఫ్‌సీలో కూడా రెండు ముక్కలుగానే ఉంటుంది.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
రెండూ కుదిరాయి అన్నా, థాంక్స్. కానీ బావ సేవ్ చేసినవి 0 బైట్లు వస్తున్నాయి. పెళ్లివాళ్లు షాపులోనే కూర్చున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాయగడ):
ఫైండర్ మొత్తం సైజు ముందు చెప్పకుండా ముక్కలుగా పంపుతుంది. కొన్ని ఫాస్ట్‌సీజీఐ (వెబ్ సర్వర్‌ని పీహెచ్‌పీకి కలిపే పద్ధతి) అమరికల్లో ఆ ముక్కలు పీహెచ్‌పీ దాకా రావు. ఎక్స్-ఎక్స్‌పెక్టెడ్-ఎంటిటీ-లెంగ్త్ అనే హెడర్‌లో అసలు సైజు ఉంటుంది. ముందు తాత్కాలిక ఫైలులో రాసి, సైజు సరిపోతేనే అసలు పేరుకి మార్చండి. కనీసం పాత డిజైన్ పోదు. ఈ పూటకి అపాచీ వెబ్ సర్వర్‌లో మాడ్ పీహెచ్‌పీ (అపాచీ లోపలే పీహెచ్‌పీ నడిచే అమరిక) మీద నడిపి చూడండి. తీరిక దొరికాక సాబ్రే డావ్ లైబ్రరీకి మారిపోవడమే నయం, ఈ తలనొప్పులన్నీ వాళ్లు ముందే పడ్డారు.

విండోస్‌లో 5 కోట్ల బైట్లు దాటిన ఫైలు దిగదు. పెద్ద పీడీఎఫ్‌లు ఉంటే రిజిస్ట్రీలో వెబ్‌క్లయింట్ కింద ఆ పరిమితి పెంచుకోండి.