సుహార్తో కాలపు ఇండోనేషియా కార్టూన్లలో పాలకుడి ముఖం ఎందుకు కనిపించదు?

ప్రశ్న:
ఇండోనేషియా పత్రికల్లో అవినీతి మీద వచ్చిన పాత కార్టూన్లను కొంతకాలంగా శ్రద్ధగా చూస్తున్నాను. 1966లో అధికారాన్ని చేజిక్కించుకున్న సుహార్తో 1998 మే నెలలో రాజీనామా చేసేవరకు ఆయన పిల్లలు, ఆశ్రితులు ఎంత సంపద కూడబెట్టారో ఆ దేశ ప్రజలకు తెలియని విషయం కాదు. అయినా ఆనాటి ప్రధాన పత్రికల కార్టూన్లలో ఆయన రూపం దాదాపు కనిపించదు. అవినీతిపరులకు గుర్తుగా ఎలుకలు, పేరులేని స్థూలకాయులైన అధికారులు, ఎప్పటివో రాజుల కాలపు ఉద్యోగులు మాత్రమే కనిపిస్తారు. ఇది భయం వల్ల వచ్చిన మెతకదనమా, లేక అక్కడి వ్యంగ్యానికి సహజమైన పద్ధతా? భూమి పోగొట్టుకున్న పేదవాడి పక్షాన మాట్లాడడానికి ఈ పద్ధతి సరిపోయిందా?

మొదటి సమాధానం:
భయం ఉన్న మాట నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. 1978 జనవరిలో విద్యార్థుల ఉద్యమ వార్తలు ప్రచురించినందుకు ‘కొంపాస్’తో సహా పలు పత్రికలను ప్రభుత్వం కొంతకాలం మూయించింది. ఆ మరుసటి సంవత్సరమే, 1979లో, అదే కొంపాస్ ఆదివారం సంచికలో ద్వి కుందోరో ‘పంజి కోమింగ్’ అనే ధారావాహిక కార్టూన్‌ను ప్రారంభించారు. కథ జరిగేది ఎప్పటిదో జావా రాజ్యమైన మజాపహిత్ సామ్రాజ్యంలో. పంజి కోమింగ్, అతని స్నేహితుడు పైలుల్ సామాన్య ప్రజలు, వారి నెత్తిన కూర్చున్నవారు లంచాలకు మరిగిన రాజోద్యోగులు. ఆ వారం జకార్తాలో ఏం జరిగిందో తెలిసిన పాఠకుడికి ఆ రాజోద్యోగి ఎవరో విడమరిచి చెప్పవలసిన పని లేదు.

ఈ పద్ధతికి వేళ్లు జావా తోలుబొమ్మలాటలో ఉన్నాయి. అక్కడ మహాభారత కథలు ఆడేటప్పుడు సంస్కృత మూలంలో లేని నలుగురు సేవకులు, అంటే సెమార్, గారెంగ్, పెత్రుక్, బగోంగ్, రంగం మీదికి వచ్చి తమ ప్రభువుల తప్పులను అందరి ముందూ నవ్వుతూ ఎత్తిచూపుతారు. 1967 నుంచి కొంపాస్‌లో జి. ఎం. సుదార్త గీసిన ‘ఓమ్ పాసికోమ్’, అంటే అతుకుల కోటు, టోపీ ధరించిన ఆ పెద్దమనిషి, నా దృష్టిలో ఆ సేవకుల వంశంవాడే. విమర్శకు గురైనవాడు కూడా చిరునవ్వు నవ్వగలగాలన్నది సుదార్త నమ్మకం.

రెండవ సమాధానం:
పై సమాధానంలోని చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ ఆ చిరునవ్వుతో నేను ఏకీభవించలేను. సుహార్తోకు ముందు అధ్యక్షుడిగా ఉన్న సుకర్నో కాలంలో ‘బింతాంగ్ తిమూర్’ పత్రికలో అగస్టిన్ సిబరానీ రాజకీయ నాయకులను సూటిగా గీసేవారు. 1965 తర్వాత ఆ పత్రిక మూతపడింది, ఆయన కుంచెకు పత్రికల్లో చోటు లేకుండా పోయింది. అంతటి చిత్రకారుణ్ణి దశాబ్దాల పాటు పక్కన పెట్టిన ప్రభుత్వమే, ఆయన చిత్రించిన, సుమత్రాలోని బతక్ ప్రజల రాజు సిసింగమంగరాజ రూపాన్ని 1,000 రూపయా నోటు మీద ముద్రించుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక పేదవాడి సంగతి. మధ్య జావాలో కెడుంగ్ ఓంబో జలాశయం కోసం ఊళ్లను ఖాళీ చేయించిన రోజుల తర్వాత, 1991లో, యాయక్ యాత్మక ‘ప్రజలకే భూమి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక క్యాలెండర్ బొమ్మ గీశారు. అందులో భూములు కోల్పోయిన రైతులూ ఉన్నారు, వారిని తరిమిన అధికారమూ ఉంది. ప్రభుత్వం దానిని నిషేధించింది, చిత్రకారుడు జర్మనీలో తలదాచుకోవలసి వచ్చింది. ఆదివారం పత్రిక కొనుక్కోగలిగిన నగరవాసికి పంజి కోమింగ్ ఊరటనిచ్చి ఉండవచ్చు. ఇల్లు మునిగిపోయినవాడి గోడ మీద వేలాడగలిగింది మాత్రం ఈ క్యాలెండరే.

మూడవ సమాధానం:
ఒక విషయం గమనించండి. 1986లో ‘సినార్ హరాపన్’ మూతపడింది దిగుమతి గుత్తాధిపత్యాల గురించి రాసిన వార్తల వల్ల. 1994 జూన్ 21న మరో రెండు పత్రికలతో పాటు ‘టెంపో’ లైసెన్సు రద్దు కావడానికి ముఖ్య కారణంగా చెప్పేది పూర్వపు తూర్పు జర్మనీ యుద్ధనౌకల కొనుగోలు మీద అది ప్రచురించిన కథనాలు. సూటిగా రాసిన వార్త పత్రికనే బలి తీసుకుంటున్న రోజుల్లో, చాటుగా చెప్పిన కార్టూన్ వారం వారం బతికి బయటపడింది. కాబట్టి దానిని మెతకదనం అనడానికి నాకు మనసొప్పదు.

1999 నాటి పత్రికా చట్టంతో లైసెన్సుల బెడద తొలగింది, ముఖాలు బయటికి వచ్చాయి. అయితే పాత అలవాటు పోలేదు, పోకపోవడమే మేలైంది కూడా. 2009లో ఒక పోలీసు ఉన్నతాధికారి, అవినీతి నిర్మూలన సంఘమైన కేపీకే తమతో తలపడడం బల్లి మొసలితో తలపడడం వంటిదని అన్నాడు. ప్రజలు ఆ బల్లినే తమ గుర్తుగా చేసుకున్నారు. కార్టూన్లలో, గోడల మీద, చొక్కాల మీద చిన్న బల్లి పెద్ద మొసలిని ఎదిరించింది. అరెస్టయిన కేపీకే ఉపాధ్యక్షులిద్దరికీ ఫేస్‌బుక్‌లో పది లక్షలకు పైగా మద్దతు పలికారు, చివరికి వారు విడుదలయ్యారు. అధికారి నోటి నుంచి జారిన పోలికను లాక్కుని అతని మీదికే తిప్పడంలో ఉన్న బలం, అతని ముఖం గీసినంత మాత్రాన వచ్చేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. మరి ముఖం గీసే స్వేచ్ఛ ఇప్పుడు నిజంగా ఉన్నట్లేనా?

మూడవ సమాధానం రాసినవారు:
పత్రికలో చాలావరకు ఉంది. 2019 సెప్టెంబరులో కేపీకే చట్టాన్ని సవరించి ఆ సంస్థను బలహీనపరుస్తున్నప్పుడు, మళ్లీ వెలువడుతున్న టెంపో తన ముఖచిత్రం మీద అప్పటి అధ్యక్షుడు జోకోవిని వేసి, ఆయన నీడకు పినోకియో ముక్కు పెట్టింది. అభిమానులు పత్రికా మండలికి ఫిర్యాదు చేశారు తప్ప, పత్రిక మూతపడలేదు. వీధి గోడకు మాత్రం ఆ రక్షణ లేదు. 2021 ఆగస్టులో జకార్తా పక్కనే ఉన్న తంగెరాంగ్‌లో, జోకోవిని పోలిన ముఖానికి కళ్లు ఉండవలసిన చోట ‘404: నాట్ ఫౌండ్’ (వెతికిన పేజీ దొరకలేదని ఇంటర్నెట్‌లో కనిపించే సందేశం) అని రాసిన బొమ్మ వెలిసింది. దాని మీద నల్లరంగు పూశారు, గీసినవారి కోసం పోలీసులు వెతికారు. ఇంటర్నెట్‌లో పెట్టే బొమ్మలకు 2008 నాటి ఎలక్ట్రానిక్ సమాచార చట్టంలోని పరువునష్టం నిబంధన భయం ఉండనే ఉంది. పత్రికకు కూడా బెదిరింపులు తప్పలేదు: 2025 మార్చిలో టెంపో కార్యాలయానికి ఎవరో తలలు నరికిన ఎలుకలను పెట్టెలో పెట్టి పంపించారు.