ఆడంబరం లేనిదే నేడు ఎవరి పనీ కంటబడదా?

పాతపాఠకుడు:
యూట్యూబ్‌లో ఏ వీడియో ముఖచిత్రం చూసినా నోరు తెరిచిన ముఖం, పక్కన ఎర్రటి అక్షరాలు, వరుసగా ఆశ్చర్యార్థకాలు: ఇప్పుడు వంట చెప్పేవారికీ చరిత్ర చెప్పేవారికీ ఒకటే వేషం. విషయం కంటే తామే పెద్దగా కనబడాలన్న ఈ యావ మన కాలానికే పట్టిన జబ్బని నా అభిప్రాయం.

రంగులపెట్టె:
మన కాలానికే అనడం సరికాదు. సంపన్నులు తమ హోదా నలుగురికీ తెలియడానికే దుబారా చేస్తారని థార్‌స్టైన్ వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1899లోనే రాశారు. 16వ శతాబ్దపు ఇంగ్లండులోనైతే ఏ అంతస్తువారు ఏ బట్ట కట్టాలో చట్టాలే నిర్ణయించాయి.

దారినపోయేవాడు:
ఆ చట్టాలు ఆడంబరాన్ని మాన్పడానికి కాదు, అది కొందరికే దక్కాలని చేసినవి.

పాతపాఠకుడు:
చట్టాల సంగతి నేను ఎత్తలేదు. వెబ్లెన్ రాసినది డబ్బున్నవారి గురించి. నేను అంటున్నది అందరికీ అంటుకున్న ప్రదర్శన గురించి. ఫేస్‌బుక్ 2009లో లైక్ బటన్ పెట్టాకే మనం అన్న ప్రతి మాటకూ పక్కన ఒక అంకె వచ్చి కూర్చుంది.

రంగులపెట్టె:
లైకుల సంఖ్యను దాచుకునే వీలును ఇన్‌స్టాగ్రామ్ 2021లో అందరికీ ఇచ్చింది. తరువాత ఆడంబరం తగ్గిందా?

పాతపాఠకుడు:
దాచుకునే వీలు ఇవ్వడం వేరు, దాచడం వేరు.

చినుకు:
ఇద్దరూ బటన్ దగ్గరే ఆగిపోయారు. ఎన్నిసార్లు చూశారన్నదానికి బదులు ఎంతసేపు చూశారన్నదానికి యూట్యూబ్ 2012లో ప్రాధాన్యం ఇచ్చింది. అయినా ఆ తెరిచిన నోళ్లు మూతపడలేదు.

పాతపాఠకుడు:
నెలల తరబడి శ్రమించి రాసిన నా వ్యాసానికి ఒక పత్రికవారు నన్ను అడగకుండానే ‘ఎవరికీ తెలియని రహస్యం’ అని శీర్షిక తగిలించారు. అందులో రహస్యమేమీ లేదు. పాఠకులు తిట్టినది నన్ను; శీర్షిక పెట్టినవారి పేరు ఎక్కడా లేదు. అటువంటి పని చేసి బతికేవారికి సిగ్గుండాలి.

రంగులపెట్టె:
ఆ పని చేసి బతికేవారిలో నేనొకడిని. 19వ శతాబ్దపు తొలినాళ్లలో లండన్‌లో బో బ్రమ్మెల్ అనే సొగసుకాడు తళుకుబెళుకులన్నీ వదిలి, ముదురు రంగు కోటుతో, తెల్లని మెడవస్త్రంతో అందరి చూపూ తనవైపు తిప్పుకున్నాడు. ఆ సాదాతనానికి అద్దం ముందు గంటలు పట్టేదని ప్రతీతి. పేరున్నవారికి నిరాడంబరత కూడా ఒక అలంకారమే. నా దగ్గరికి వచ్చేవారికి ఆ పేరు లేదు. వారు రంగు వేసుకోకపోతే వారి పని ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

పాతపాఠకుడు:
పేరులేనివారు గొంతెత్తడాన్ని నేను తప్పుపట్టలేదు. పిలిచారు కదా అని వెళితే లోపల ఏమీ ఉండకపోవడమే నా బాధ. అలా మోసపోయినవారు రేపు నిజంగా సరుకున్నవారు పిలిచినా వెళ్లరు.

రంగులపెట్టె:
లోపల ఏమీ లేదని తేల్చేది ఎవరు? ఇంతసేపూ మీ బెంగ రంగుల గురించి కాదండీ. ఏది చూడదగినదో చెప్పే అధికారం మీవంటివారి చేయి దాటి చూసేవారి చేతికి వచ్చింది. అది మీకు మింగుడుపడడం లేదు.

పాతపాఠకుడు:
చూసేవారి చేతికి వచ్చిందని మీరు అనుకుంటున్నారు. ఎవరి ముందు ఏది పెట్టాలో లెక్కగట్టే యంత్రం చేతికి వచ్చిందని నేను అంటున్నాను. శీర్షిక మార్చిన సంపాదకుడికి నేను ఫోన్ చేసి తగవు పెట్టుకోగలిగాను. మీ దగ్గరికి వచ్చే ఆ పేరులేనివారు, తమ వీడియో ఎవరికీ కనబడకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?