ఎండీఎస్ (ఎముక మజ్జ రక్తకణాల్ని సరిగ్గా తయారుచేయలేని జబ్బు): బ్లాస్ట్స్ (ముదరని రక్తకణాలు) 11 శాతమా, 6 శాతమా? ముందు అజాసైటిడినా (బ్లాస్ట్స్ తగ్గించే మందు), నేరుగా దాత మజ్జ ట్రాన్స్‌ప్లాంటా?

కాకినాడ_బుల్లోడు: పేషెంటుకి 61 ఏళ్లు. హిమోగ్లోబిన్ 7.6, ప్లేట్‌లెట్లు 48 వేలు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లని ఎదుర్కొనే తెల్లకణాలు) 900, కేరియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) నార్మల్. బోన్ మ్యారో స్మియర్‌లో (మజ్జని స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) బ్లాస్ట్స్ 11 శాతం, అదే రోజు ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని గుర్తులతో మెషీన్ లెక్కపెట్టే పరీక్ష) 6. ఆరైతే అజాసైటిడిన్ చాలు, పదకొండైతేనే ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నారు. ఏది నమ్మాలండీ?

స్లైడ్_రీడర్: స్మియరే ప్రమాణం. కేంద్రకమున్న 500 కణాలు లెక్కపెట్టి తీసే శాతం అది. సూదితో మొదట లాగిన అర మిల్లీలీటరు స్లైడ్లకి పోతుంది. తర్వాత లాగేదాంట్లో రక్తం కలుస్తుంది, ఫ్లోకి తరచూ వెళ్లేది ఆ పలచబడిందే. పైగా సీడీ34 (చాలా బ్లాస్ట్స్ పైన ఉండే గుర్తు ప్రొటీన్) ఉన్న కణాల్నే లెక్కేస్తే, అది లేని బ్లాస్ట్స్ తప్పించుకుంటాయి. స్మియర్‌లో పార్టికల్స్ (మజ్జ తునకలు) లేవని రాసి ఉంటే మాత్రం ఆ 11నీ నమ్మకండి, బయాప్సీ ముక్క మీద సీడీ34 స్టెయిన్ చేయించండి.

వార్డు_రౌండ్స్: ఆ గొడవ పక్కనపెట్టి ఐపీఎస్ఎస్-ఆర్ (ఎండీఎస్ ముప్పు కొలిచే స్కోరు) వేయండి. నార్మల్ కేరియోటైప్ 1, హిమోగ్లోబిన్ 8 లోపు 1.5, ప్లేట్‌లెట్లు 50 వేల లోపు 1, న్యూట్రోఫిల్స్ 800 పైనే కాబట్టి 0. బ్లాస్ట్స్ 10 దాటితే 3, 5 నుంచి 10 అయితే 2. మొత్తం 6.5 లేదా 5.5. ఒకటి వెరీ హై, ఇంకోటి హై. ఎటు చూసినా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ని ఇప్పుడే కలవాల్సిన కేసే. అన్నట్టు కేరియోటైప్ నార్మల్ అని టీపీ53 మ్యుటేషన్ (జబ్బుని మొండిచేసే జన్యు మార్పు) లేదనుకోకండి, ఎన్‌జీఎస్ (జన్యు మార్పులు చూసే పరీక్ష) పంపారా?

పాతకాపు: కలవడం సరే. కానీ 2022 వర్గీకరణల్లో ఒకటి 10 దాటినదాన్ని ఎండీఎస్/ఏఎంఎల్ (ఎండీఎస్‌కీ, ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కీ మధ్యది) అంటోంది. బ్లాస్ట్స్ తగ్గించకుండా ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్తే జబ్బు తిరగబెడుతుంది. అజాసైటిడిన్ ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాముల చొప్పున 7 రోజులు, 28 రోజులకోసారి, కనీసం 4 సైకిళ్లు ఇచ్చి చూడాలి.

వార్డు_రౌండ్స్: ముందు తగ్గిస్తే బతుకు పెరుగుతుందని ర్యాండమైజ్డ్ ట్రయల్ ఏదీ తేల్చలేదండీ. మొదటి రెండు సైకిళ్లలో కౌంట్లు ఇంకా పడిపోతాయి. ఆలోపు ఫంగల్ ఇన్ఫెక్షన్ వస్తే ట్రాన్స్‌ప్లాంట్ అవకాశమే చేజారుతుంది. అమెరికా ట్రయల్ బీఎంటీ సీటీఎన్ 1102లో 50–75 ఏళ్ల హైరిస్క్ వాళ్లని చూశారు: దాత దొరికినవాళ్లలో మూడేళ్లకి బతికున్నది 47.9 శాతం, దొరకనివాళ్లలో 26.6. దాత సిద్ధంగా ఉంటే ఆగొద్దు. దొరకడానికి నెలలు పట్టేట్టుంటే అజా మొదలుపెట్టండి, అది వంతెన మాత్రమే.

పాతకాపు: 1102లోనూ చాలామందికి ముందు అజా లాంటి మందే పడింది, దాన్ని నేరుగా వెళ్లడానికి సాక్ష్యంగా చూపితే ఎలా? బ్లాస్ట్స్ 15 శాతం దాటినవాళ్లని నేరుగా పంపడానికి నేనైతే ఒప్పుకోను. పదకొండు దగ్గర మీతో తగవు లేదు, దాత ఉంటే.

బ్లడ్‌బ్యాంక్_టెక్: ఈలోగా ఒక మాట. తోబుట్టువులకీ పిల్లలకీ హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ (దాత కణాలు సరిపోతాయో చూసే పరీక్ష) ఈ వారమే పంపండి, సగం మ్యాచ్ అయినా పనికొస్తుంది. రీప్లేస్‌మెంట్ కింద వాళ్లు రక్తం ఇవ్వొచ్చు గానీ, ఆ బ్యాగు ఈ పేషెంటుకే ఎక్కకూడదు. ఎక్కితే వాళ్ల కణాలకి యాంటీబాడీలు తయారై, రేపు గ్రాఫ్ట్ (ఎక్కించిన దాత మజ్జ) నిలవకపోవచ్చు. రిక్వెస్ట్ ఫారం మీద ‘ల్యూకోడిప్లీటెడ్, ఇర్రేడియేటెడ్’ (తెల్లకణాలు తీసేసి, రేడియేషన్ ఇచ్చిన రక్తం) అని రాయించండి, అడగకపోతే మామూలు బ్యాగే వస్తుంది.